గ్లీమ్‌లో లైబ్రరీ రాయడం ఎలా: సిగ్నేచర్ నుంచి ప్రచురణ దాకా

గ్లీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులు లేవు, మాక్రోలు లేవు, ఎక్సెప్షన్లు లేవు, నల్ లేదు. ఆర్గ్యుమెంట్లకు డిఫాల్ట్ విలువలు పెట్టడం కుదరదు. ఇఫ్-ఎల్స్ లేదు, ఫర్ లూప్ లేదు. నిర్ణయాలన్నీ కేస్‌తోనే, మళ్ళీమళ్ళీ చేయాల్సిందంతా రికర్షన్‌తోనే (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం). పైథాన్ నుంచో జావా నుంచో వచ్చినవాళ్ళకు మొదట్లో చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ఇవన్నీ తీసేశాక మిగిలేవి రెండే: టైపులు, ఫంక్షన్లు. అందుకే ఈ భాషలో ఒక లైబ్రరీ బాగుందా లేదా అన్నది లోపలి కోడ్ చదవకముందే, దాని ఫంక్షన్ల సిగ్నేచర్లు (ఒక్కో ఫంక్షన్ పేరు, అది ఏ టైపులు తీసుకుని ఏ టైప్ ఇస్తుందో చెప్పే లైన్) చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఈ గైడ్ అంతా ఆ ఒక్క నమ్మకం మీదే నడుస్తుంది.

భాష వయసు తక్కువ. లూయీ పిల్‌ఫోల్డ్ మొదలుపెట్టిన ఈ భాష తొలి వెర్షన్ 2019లో వచ్చింది, 1.0 వెర్షన్ 2024 మార్చి 4న వచ్చింది. కంపైలర్‌ను రస్ట్‌లో రాశారు. మీ కోడ్‌ను అది ఎర్లాంగ్‌గానో జావాస్క్రిప్ట్‌గానో మారుస్తుంది. ఎర్లాంగ్ వైపు వెళ్తే ప్రోగ్రామ్ బీమ్ వర్చువల్ మెషీన్ మీద నడుస్తుంది, జావాస్క్రిప్ట్ వైపు వెళ్తే బ్రౌజర్‌లోనో నోడ్‌లోనో నడుస్తుంది. ఇంత కొత్త భాషలో మీకు కావాల్సిన లైబ్రరీ కొన్నిసార్లు దొరకదు. అంటే లైబ్రరీ రాసే అవసరం మీరు అనుకున్నదానికంటే ముందే వస్తుంది.

ఉదాహరణకు ఒక చిన్న పని తీసుకుందాం: "02:45:10" లాంటి స్ట్రింగ్‌ను చదివి వ్యవధిగా మార్చడం, రెండు వ్యవధులు కలపడం, తిరిగి స్ట్రింగ్‌గా రాయడం. ప్యాకేజీ పేరు 'వ్యవధి' అనుకుందాం. ఇక్కడ పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను, చదవడానికి తేలిక కాబట్టి. మీరు టైప్ చేసేటప్పుడు మాత్రం ఫంక్షన్ల పేర్లు, వేరియబుల్ పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. గ్లీమ్ వేరేవి ఒప్పుకోదు. స్ట్రింగుల లోపల తెలుగు నిక్షేపంగా రాసుకోవచ్చు.

టూల్స్ సిద్ధం చేసుకోండి

ఈ భాగం త్వరగా అయిపోతుంది. గ్లీమ్ అనే ఒక్క ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్తే కంపైలర్, ఫార్మాటర్, ప్యాకేజీ మేనేజర్, టెస్టులు నడిపేది, ఎడిటర్‌కు కావాల్సిన లాంగ్వేజ్ సర్వర్ అన్నీ అందులోనే వస్తాయి. ఎర్లాంగ్‌ను మాత్రం విడిగా పెట్టుకోవాలి. జావాస్క్రిప్ట్ మీద కూడా నడపాలంటే నోడ్ ఉండాలి.

టెర్మినల్‌లో 'గ్లీమ్ న్యూ వ్యవధి' అని కొట్టండి. సోర్స్ ఫోల్డర్, టెస్ట్ ఫోల్డర్, గ్లీమ్.టామ్ల్ అనే సెట్టింగుల ఫైల్, రీడ్‌మీ వచ్చేస్తాయి. గిట్‌హబ్‌లో టెస్టులు ఆటోమేటిక్‌గా నడిపే ఫైల్ కూడా తయారుగా ఉంటుంది. ఆ ఫైల్ తీసేయకండి. ఫార్మాట్ సరిగా ఉందో లేదో కూడా అదే చూస్తుంది. ఫార్మాటర్‌కు సెట్టింగులేవీ ఉండవు, అందరి కోడూ ఒకేలా కనిపిస్తుంది. స్పేసులు ఎన్ని పెట్టాలన్న వాదన ఈ భాషలో లేదు. మీ సమయం అంతా డిజైన్‌కే మిగులుతుంది.

ప్యాకేజీ పేరు ముందు 'గ్లీమ్' అని పెట్టి అండర్‌స్కోర్ తగిలించాలని చూస్తే టూల్ ఒప్పుకోదు. ఆ ముందు భాగం భాషను చూసుకునే కోర్ టీమ్ ప్యాకేజీలకే కేటాయించారు.

మాడ్యూల్ పేర్లు

రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, ఒక ప్రాజెక్ట్‌లో ఉన్న ప్యాకేజీల మాడ్యూళ్ళన్నీ ఒకే పెద్ద జాబితాలో పడతాయి. మీ లైబ్రరీలో 'యుటిల్స్' అనే మాడ్యూల్ ఉండి, ఇంకో లైబ్రరీలో కూడా అదే పేరు ఉంటే, ఆ రెండూ కలిపి వాడుకునేవాళ్ళకు బిల్డ్ ఆగిపోతుంది. అందుకని ప్రధాన మాడ్యూల్‌కు ప్యాకేజీ పేరే పెట్టండి, మిగతావి 'వ్యవధి' అనే ఫోల్డర్ లోపల పెట్టండి.

రెండోది, గ్లీమ్‌లో ఫంక్షన్‌ను మామూలుగా మాడ్యూల్ పేరుతో కలిపే పిలుస్తారు: లిస్ట్.మ్యాప్, స్ట్రింగ్.ట్రిమ్ అన్నట్టు. కాబట్టి ఫంక్షన్ పేరు ఒంటరిగా ఎలా ఉందని కాకుండా, మాడ్యూల్ పేరుతో కలిపి చదివితే ఎలా ఉందో చూడండి. స్ట్రింగ్ చదివి వ్యవధిగా మార్చే ఫంక్షన్‌కు వ్యవధి.పార్స్ చాలు. వ్యవధి.పార్స్_వ్యవధి అని రాస్తే చదివేవాళ్ళకు ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది.

సిగ్నేచర్ ముందు, బాడీ తర్వాత

ఇప్పుడు అసలు పని. ఫైల్ తెరవగానే పార్సింగ్ కోడ్ మొదలుపెట్టకండి. ముందు పబ్లిక్ ఫంక్షన్ల సిగ్నేచర్లు మాత్రమే రాయండి. బాడీలో 'టుడూ' అనే కీవర్డ్ పెట్టండి. టుడూ ఉన్నా కోడ్ కంపైల్ అవుతుంది. ఎక్కడెక్కడ మిగిలిపోయిందో వార్నింగ్ రూపంలో చెబుతుంది, అక్కడ ఏ టైప్ రావాలో కూడా చెబుతుంది. నడుపుతున్నప్పుడు ఆ లైన్ దగ్గరికి వస్తే మాత్రం ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది.

మన లైబ్రరీకి మొదటి జాబితా ఇలా ఉండొచ్చు (రిజల్ట్ అంటే పని కుదిరితే జవాబు, కుదరకపోతే ఎర్రర్ ఇచ్చే టైప్; నిల్ అంటే ఏ సమాచారమూ లేని విలువ):

పార్స్: స్ట్రింగ్ తీసుకుని, రిజల్ట్(వ్యవధి, పార్స్_ఎర్రర్) ఇస్తుంది
టు_స్ట్రింగ్: వ్యవధి తీసుకుని, స్ట్రింగ్ ఇస్తుంది
యాడ్: రెండు వ్యవధులు తీసుకుని, వ్యవధి ఇస్తుంది
సబ్‌ట్రాక్ట్: రెండు వ్యవధులు తీసుకుని, రిజల్ట్(వ్యవధి, నిల్) ఇస్తుంది
టు_సెకండ్స్: వ్యవధి తీసుకుని, ఇంట్ ఇస్తుంది

ఇవి రాశాక బాడీల జోలికి పోకుండా టెస్ట్ ఫైల్‌లోకి వెళ్ళి, ఈ ఫంక్షన్లను వాడే నాలుగైదు లైన్లు రాయండి. మీరు రాసేవారిగా కాక వాడేవారిగా మారేది ఇక్కడే. పిలిచే చోట ఇబ్బందిగా అనిపిస్తే సిగ్నేచర్ మార్చేయండి. బాడీ లేదు కాబట్టి మార్చడానికి ఖర్చేమీ లేదు. అదే రెండు వందల లైన్లు రాసేశాక మార్చాలంటే మనసొప్పదు, ఉన్నదాన్నే సమర్థించుకోవడం మొదలవుతుంది.

పై జాబితాలో యాడ్ నేరుగా వ్యవధినే ఇస్తోంది, సబ్‌ట్రాక్ట్ మాత్రం రిజల్ట్ ఇస్తోంది. వ్యవధి ఎప్పుడూ సున్నాకు తగ్గకూడదని మనం నిర్ణయించుకున్నాం కాబట్టి, చిన్నదాంట్లోంచి పెద్దది తీసేస్తే జవాబు లేదు. ఆ నిజాన్ని డాక్యుమెంటేషన్‌లో ఒక మూల రాసి వదిలేయకుండా టైప్‌లోనే చెప్పేశాం. వాడేవాళ్ళు దాన్ని చూడకుండా ముందుకు పోలేరు.

విఫలమయ్యే కారణం ఒక్కటే అయితే ఎర్రర్ వైపు నిల్ పెట్టడం గ్లీమ్‌లో అందరూ పాటించే పద్ధతి. స్టాండర్డ్ లైబ్రరీలో లిస్ట్.ఫస్ట్, డిక్ట్.గెట్, ఇంట్.పార్స్ అన్నీ ఇలాగే ఉంటాయి. వేరే భాషల అలవాటుతో ఇక్కడ ఆప్షన్ వాడాలనిపిస్తుంది. వాడకండి. ఆప్షన్‌ను 'ఈ ఫీల్డ్ ఉండొచ్చు, లేకపోవచ్చు' అనే డేటా కోసం ఉంచండి. పని విఫలం కావొచ్చు అని చెప్పడానికి రిజల్టే వాడండి. రెండూ కలిపేస్తే వాడేవాళ్ళు ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చుకుంటూ కూర్చోవాలి.

ఎర్రర్‌ను దగ్గరగా చూడండి

పార్స్ విషయంలో నిల్ సరిపోదు, ఎందుకంటే తప్పు చాలా రకాలుగా జరగొచ్చు. ఎన్ని రకాలో కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి ఒక్కో వేరియంట్ (ఆ టైప్ తీసుకోగల రూపాల్లో ఒకటి) పెట్టండి:

భాగాల_సంఖ్య_తప్పు: ఎన్ని భాగాలు వచ్చాయో దాంట్లో ఉంచుతాం
అంకె_కాదు: ఏ భాగం, అక్కడున్న స్ట్రింగ్ ఏమిటి
పరిధి_దాటింది: ఏ భాగం, వచ్చిన విలువ ఎంత

'ఏ భాగం' అన్నదానికి స్ట్రింగ్ వాడొద్దు. గంట, నిమిషం, సెకను అనే మూడు వేరియంట్లతో చిన్న టైప్ రాయండి. ఎర్రర్ లోపల 'నిమిషాలు 59 దాటకూడదు' లాంటి రెడీమేడ్ వాక్యం కూడా పెట్టకండి. ఆ వాక్యం ఏ భాషలో చూపించాలో, అసలు చూపించాలో వద్దో మీ లైబ్రరీకి తెలియదు. సమాచారం ఇవ్వండి, వాక్యం వాళ్ళు రాసుకుంటారు.

ఇప్పుడు "01:-5:10" అనే స్ట్రింగ్ తీసుకోండి. దీన్ని కోలన్ దగ్గర విడగొడితే మూడు భాగాలు వస్తాయి. మధ్య భాగాన్ని ఇంట్.పార్స్‌కు ఇస్తే ఎర్రర్ రాదు, -5 వస్తుంది, ఎందుకంటే ముందు మైనస్ గుర్తు ఉన్నా, ప్లస్ గుర్తు ఉన్నా అది చదివేస్తుంది. మీరు '59 కంటే ఎక్కువా' అని మాత్రమే చూసి వదిలేస్తే, ఈ స్ట్రింగ్ 3600లోంచి 300 తీసేసి 10 కలిపి 3310 సెకన్లని జవాబు చెబుతుంది, నోరెత్తకుండా. కాబట్టి పరిధి చూసేటప్పుడు సున్నా కంటే తక్కువ కూడా చూడాలి. ఖాళీ స్ట్రింగ్‌ది ఇంకో సంగతి: దాన్ని స్ప్లిట్ చేస్తే ఖాళీ లిస్ట్ రాదు, ఒక ఖాళీ స్ట్రింగ్ ఉన్న లిస్ట్ వస్తుంది. అంటే అది భాగాల_సంఖ్య_తప్పు కిందకు వస్తుంది, వచ్చిన సంఖ్య 1. టెస్టుల్లో ఈ రెంటినీ పేరు పెట్టి మరీ రాయండి.

"02:45" వస్తే? అది గంటలు, నిమిషాలా? నిమిషాలు, సెకన్లా? ఇలాంటి చోట ఊహించి ఏదో ఒకటి ఇచ్చే లైబ్రరీ కంటే కుదరదని చెప్పే లైబ్రరీ మేలని నా అభిప్రాయం. నిజంగా అవసరమైతే పార్స్_నిమిషాలు_సెకన్లు అని ఇంకో ఫంక్షన్ ఇవ్వండి. పేరులోనే అర్థం ఉంటుంది.

లైబ్రరీ లోపల లెట్ అసర్ట్, ప్యానిక్ వాడి ప్రోగ్రామ్‌ను ఆపేయకండి. ఎప్పుడు ఆగాలో నిర్ణయించే హక్కు అప్లికేషన్ రాసేవాళ్ళది.

ఆర్గ్యుమెంట్ల వరుస, లేబుళ్ళు

గ్లీమ్‌లో పైప్ గుర్తు |> ఎడమ వైపున్న విలువను కుడి వైపున్న ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తుంది. ఎల్మ్, ఎఫ్‌షార్ప్ వాడినవాళ్ళు ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. అక్కడ డేటా చివరికి వెళ్తుంది, ఇక్కడ ముందుకు రావాలి. ఏ వస్తువు మీద పని జరుగుతోందో అది మొదటి ఆర్గ్యుమెంట్ కావాలి. అప్పుడే ఇలా చదవొచ్చు:

"02:45:10"
|> స్ట్రింగ్.ట్రిమ్
|> వ్యవధి.పార్స్
|> రిజల్ట్.మ్యాప్(వ్యవధి.టు_సెకండ్స్)

జవాబు ఓకే(9910). పై నుంచి కిందకు చదువుతూ పోతే పని జరిగే వరుస అదే.

మూడు పూర్ణాంకాలు తీసుకునే ఫంక్షన్ రాయాల్సి వచ్చిందనుకోండి: గంటలు, నిమిషాలు, సెకన్లు ఇస్తే వ్యవధి కట్టేది. న్యూ(2, 45, 10) అని పిలిస్తే ఏది ఏమిటో తెలియదు, రెండు తారుమారైనా కంపైలర్ పట్టుకోలేదు, అన్నీ ఇంట్‌లే కదా. ఇక్కడ లేబుళ్ళు పెట్టండి. అప్పుడు పిలిచేచోట గంటలు: 2, నిమిషాలు: 45, సెకన్లు: 10 అని రాస్తారు, వరుస మారినా ఫర్వాలేదు. లేబుళ్ళు కంపైల్ సమయంలోనే తీరిపోతాయి, నడిచేటప్పుడు వాటికి ఖర్చు లేదు. ఒకటే ఆర్గ్యుమెంట్ ఉన్న ఫంక్షన్‌కు, లేదా యాడ్ లాంటి వరుస పట్టింపు లేని వాటికి లేబుళ్ళు అక్కర్లేదు. అన్నిటికీ అంటిస్తే కోడ్ బరువెక్కుతుంది.

బూల్ (ట్రూ లేదా ఫాల్స్) ఆర్గ్యుమెంట్ కనిపించిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగండి. టు_స్ట్రింగ్(వ్యవధి, ట్రూ) అంటే ఏమిటి? సెకన్లు చూపించమనా, ముందు సున్నాలు పెట్టమనా? రెండు వేరియంట్ల టైప్ రాస్తే నాలుగు లైన్లు ఎక్కువవుతాయి, కానీ పిలిచేచోట అర్థం తానే చెబుతుంది. రేపు మూడో రకం అవసరమైతే బూల్‌లో చోటుండదు, టైప్‌లో ఉంటుంది.

డిఫాల్ట్ విలువలు లేని లోటును తీర్చే మార్గం కూడా పైప్‌తోనే ఉంది. సెట్టింగులు ఎక్కువున్న ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు పెంచుకుంటూ పోకుండా, డిఫాల్ట్‌లతో ఒక రికార్డ్ ఇచ్చే ఫంక్షన్ రాయండి, ఆ రికార్డ్‌ను తీసుకుని ఒక్కో సెట్టింగ్ మార్చి తిరిగి ఇచ్చే చిన్న ఫంక్షన్లు రాయండి. మార్చాలనుకున్నవాళ్ళు పైప్‌లో ఒక లైన్ చేర్చుకుంటారు.

యూజ్‌ను ఎప్పుడు వాడాలి

పార్స్ బాడీలో మూడు భాగాలను వరుసగా చదవాలి, ఏది తప్పినా అక్కడే ఆగాలి. కేస్ లోపల కేస్, దాని లోపల కేస్ రాస్తే కోడ్ కుడివైపుకు జారిపోతుంది. యూజ్ ఇందుకోసమే:

యూజ్ గంటలు <- రిజల్ట్.ట్రై(భాగం_చదువు(మొదటిది, గంట))
యూజ్ నిమిషాలు <- రిజల్ట్.ట్రై(భాగం_చదువు(రెండోది, నిమిషం))
యూజ్ సెకన్లు <- రిజల్ట్.ట్రై(భాగం_చదువు(మూడోది, సెకను))

దీంట్లో మాయేమీ లేదు. యూజ్ లైన్ కింద ఉన్న మిగతా కోడ్ అంతా ఒక పేరులేని ఫంక్షన్‌గా మారి, కుడివైపున్న ఫంక్షన్‌కు చివరి ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది. అంతే. అర్థం కాకపోతే ఎడిటర్‌లో లాంగ్వేజ్ సర్వర్ ఇచ్చే కోడ్ యాక్షన్‌తో యూజ్‌ను మామూలు రూపంలోకి మార్చి చూడండి, తిరిగి వెనక్కి కూడా మార్చుకోవచ్చు. ఇలా రెండు మూడుసార్లు చేస్తే మనసులో పడిపోతుంది.

ఒక్క అడుగే ఉన్నప్పుడు యూజ్ వద్దు. పైప్‌లో రిజల్ట్.మ్యాప్ పెడితే చాలు.

భాగం_చదువు అనే సహాయక ఫంక్షన్‌ను పబ్లిక్ చేయకండి. లోపల అది ఇంట్.పార్స్ పిలిచి, వచ్చిన నిల్ ఎర్రర్‌ను రిజల్ట్.రీప్లేస్_ఎర్రర్‌తో మన అంకె_కాదు వేరియంట్‌గా మార్చి, తర్వాత పరిధి చూస్తుంది. గంటలకు పై పరిమితి లేదు కాబట్టి ఆ పరిమితిని నిమిషం, సెకనుకే పెట్టండి.

టైప్‌ను మూసి ఉంచండి

వ్యవధి టైప్‌ను ఓపేక్‌గా ప్రకటించండి. అప్పుడు టైప్ పేరు బయటివాళ్ళకు కనిపిస్తుంది, కానీ దాన్ని కట్టే కన్‌స్ట్రక్టర్ మీ మాడ్యూల్‌లోనే ఉండిపోతుంది. బయటి నుంచి వ్యవధి తయారు కావాలంటే పార్స్ ద్వారానో న్యూ ద్వారానో రావాలి. అంటే -300 సెకన్ల వ్యవధి ఎవరూ కట్టలేరు, మీ టు_స్ట్రింగ్ దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

దీనికి ఇంకో లాభం ఉంది, అది ప్రచురించాక తెలుస్తుంది. లోపల ఇప్పుడు మొత్తం సెకన్లు దాచుకున్నారు. రేపు మిల్లీసెకన్లకు మారాలనుకుంటే, ఓపేక్ అయితే ఎవరి కోడూ విరగదు. ఓపేక్ కాకపోతే, కన్‌స్ట్రక్టర్‌కు ఒక ఫీల్డ్ చేర్చినా అందరి కోడ్ విరుగుతుంది. పార్స్_ఎర్రర్‌ను మాత్రం తెరిచే ఉంచాలి, ఎందుకంటే వాడేవాళ్ళు దాని మీద కేస్ రాయాలి. గ్లీమ్‌లో కేస్ అన్ని వేరియంట్లనూ కవర్ చేయాల్సిందే. కాబట్టి ఎర్రర్ టైప్‌కు తర్వాత ఒక్క వేరియంట్ చేర్చినా అది మేజర్ వెర్షన్ మార్పే (1.0 నుంచి 2.0కు వెళ్ళినట్టు). తప్పులెన్ని రకాలో ముందే కాగితం మీద రాసుకోమన్నది అందుకే.

వేరే లైబ్రరీ చేర్చే ముందు

ప్యాకేజీలు హెక్స్‌లో ఉంటాయి. ఎర్లాంగ్, ఎలిక్సిర్ భాషలూ అదే హెక్స్‌ను వాడతాయి. 'గ్లీమ్ యాడ్' అని ప్యాకేజీ పేరు కొడితే డౌన్‌లోడ్ అయి, గ్లీమ్.టామ్ల్‌లో వెర్షన్ పరిధి రాసుకుంటుంది. టెస్టులకే పనికొచ్చేవాటిని డెవ్ డిపెండెన్సీగా చేర్చండి, లేకపోతే మీ లైబ్రరీ వాడే ప్రతివాళ్ళ మీదా అవి పడతాయి.

ఒక ప్రాజెక్ట్‌లో ఒక ప్యాకేజీకి ఒకే వెర్షన్ ఉండగలదు. మీ లైబ్రరీ స్టాండర్డ్ లైబ్రరీకి మరీ ఇరుకైన పరిధి పెడితే, వేరే పరిధి కోరే ఇంకో లైబ్రరీతో కలిపి దాన్ని ఎవరూ వాడుకోలేరు. లైబ్రరీ రాస్తున్నప్పుడు పరిధిని మీ టెస్టులు పాస్ అయినంత వెడల్పుగా ఉంచండి.

కొత్త టైప్ కనిపెట్టే ముందు అందరూ వాడే టైప్ ఉందేమో వెతకండి. చిన్న భాషలో లైబ్రరీలు ఒకదానితో ఒకటి కలిసేది ఈ ఉమ్మడి టైపుల దగ్గరే. మన ఉదాహరణే చూడండి: గ్లీమ్_టైమ్ ప్యాకేజీలో డ్యూరేషన్ అనే టైప్ ఇప్పటికే ఉంది. మనం నేర్చుకోవడానికి సొంత టైప్ కట్టుకున్నాం, కానీ నిజంగా ప్రచురించేటట్టయితే పార్స్ ఆ డ్యూరేషన్‌నే ఇవ్వడం మంచిది. సున్నాకు తగ్గకూడదన్న నియమం మీకు ముఖ్యమైతే సొంత టైప్ ఉంచుకుని, అటూ ఇటూ మార్చే ఫంక్షన్లైనా ఇవ్వండి.

దీనికి చక్కటి నమూనా గ్లీమ్_హెచ్‌టీటీపీ. అందులో రిక్వెస్ట్, రెస్పాన్స్ టైపులు ఉంటాయి కానీ నెట్‌వర్క్ మీదకు ఏదీ పంపదు. పంపే పని ఎర్లాంగ్ మీద గ్లీమ్_హెచ్‌టీటీపీసీ చేస్తుంది, జావాస్క్రిప్ట్ మీద గ్లీమ్_ఫెచ్ చేస్తుంది. సర్వర్ వైపు మిస్ట్, విస్ప్ అనే ప్యాకేజీలు కూడా అవే టైపులు వాడతాయి. మీరు ఏదైనా వెబ్ సర్వీస్‌కు క్లయింట్ లైబ్రరీ రాస్తే ఇదే బాట పట్టండి: ఒక ఫంక్షన్ రిక్వెస్ట్ కట్టి ఇవ్వాలి, ఇంకో ఫంక్షన్ వచ్చిన రెస్పాన్స్ చదివి రిజల్ట్ ఇవ్వాలి, మధ్యలో పంపడం వాడేవాళ్ళకు వదిలేయాలి. అలా రాసిన లైబ్రరీ ఎర్లాంగ్, జావాస్క్రిప్ట్ అనే రెండు టార్గెట్ల మీదా నడుస్తుంది, టెస్ట్ చేయడానికి నకిలీ సర్వర్ అక్కర్లేదు, డిపెండెన్సీలూ తగ్గుతాయి. నాకు ఈ భాషలో బాగా నచ్చిన పద్ధతుల్లో ఇదొకటి.

రెండు టార్గెట్లు, బయటి కోడ్

ఒకే కోడ్ ఎర్లాంగ్ మీదా జావాస్క్రిప్ట్ మీదా కంపైల్ అవుతుంది, కానీ రెండుచోట్లా అన్నీ ఒకటి కావు. ఎర్లాంగ్ మీద ఇంట్ ఎంత పెద్దదైనా కావొచ్చు. జావాస్క్రిప్ట్ మీద 9007199254740991 దాటితే లెక్క కచ్చితంగా ఉండదు. వ్యవధులకు ఇది సమస్య కాదు, ఐడీలు, హ్యాష్‌లు లెక్కించే లైబ్రరీకి మాత్రం పెద్ద సమస్యే.

స్ట్రింగుల్లోనూ ఒక మెలిక ఉంది. స్ట్రింగ్.లెంగ్త్ బైట్లను లెక్కపెట్టదు, కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెడుతుంది. "తెలుగు" అని ఇస్తే 3 వస్తుంది. అదే స్ట్రింగ్ యూటీఎఫ్-8లో 18 బైట్లు. అయితే 'క్ష' లాంటి సంయుక్తాక్షరాన్ని ఒకటిగా చూడాలా రెండుగా చూడాలా అన్న నియమం యూనికోడ్ 15.1లో మారింది. కాబట్టి మీ ఎర్లాంగ్ వెర్షన్, వాడేవాళ్ళ బ్రౌజర్ ఏ యూనికోడ్‌ను పాటిస్తున్నాయన్న దాన్నిబట్టి జవాబు తేడా రావొచ్చు. పొడవు మీద ఆధారపడే కోడ్ ఏదైనా ఉంటే టెస్టులను రెండు టార్గెట్ల మీదా నడపండి. 'గ్లీమ్ టెస్ట్' కమాండ్‌కు టార్గెట్ పేరు ఇస్తే సరిపోతుంది.

గ్లీమ్‌లో లేనిదాన్ని ఎక్స్‌టర్నల్ గుర్తుతో ఎర్లాంగ్ నుంచో జావాస్క్రిప్ట్ నుంచో తెచ్చుకోవచ్చు. అలా తెచ్చుకున్న ఫంక్షన్‌కు మీరు రాసిన టైప్‌ను కంపైలర్ గుడ్డిగా నమ్ముతుంది. అక్కడ అబద్ధం రాస్తే ఇన్ని టైపులూ వృథా. అందుకని అలాంటి ఫంక్షన్లను ఒకటి రెండు చోట్లకే పరిమితం చేసి, ప్రైవేట్‌గా ఉంచి, చుట్టూ మామూలు గ్లీమ్ ఫంక్షన్ రాయండి. పక్కన పెట్టే ఎర్లాంగ్ ఫైల్ పేరులో మీ ప్యాకేజీ పేరు తప్పకుండా ఉండాలి, అక్కడా పేర్లు ఢీకొంటాయి.

టెస్టులు

టెస్ట్ ఫోల్డర్‌లో పేరు చివర 'టెస్ట్' అని ఉన్న పబ్లిక్ ఫంక్షన్లన్నిటినీ గ్లీయూనిట్ అనే ప్యాకేజీ నడుపుతుంది. 2025లో వచ్చిన 1.11 వెర్షన్ నుంచి అసర్ట్ అనే కీవర్డ్ భాషలోనే ఉంది. విఫలమైతే రెండు వైపులా ఏ విలువలున్నాయో చూపిస్తుంది.

వ్యవధికి అన్నిటికంటే విలువైన టెస్ట్ ఒకటుంది: ఏ వ్యవధినైనా టు_స్ట్రింగ్ చేసి, వచ్చినదాన్ని పార్స్ చేస్తే అదే వ్యవధి తిరిగి రావాలి. క్యూచెక్ అనే ప్యాకేజీ యాదృచ్ఛికంగా విలువలు పుట్టించి ఇలాంటి నియమాలను పరీక్షిస్తుంది. నిమిషం ముందు సున్నా పెట్టడం మరచిపోవడం, 100 గంటలు దాటితే తడబడటం లాంటివన్నీ ఇది పట్టుకునే అవకాశం ఎక్కువ. పొడవాటి అవుట్‌పుట్ ఉన్న లైబ్రరీలకైతే స్నాప్‌షాట్ టెస్టుల (ముందు దాచిన అవుట్‌పుట్‌తో ఇప్పటిదాన్ని పోల్చేవి) కోసం బర్డీ అనే ప్యాకేజీ చూడండి.

ప్రచురణ

ప్రతి పబ్లిక్ ఫంక్షన్ పైన మూడు స్లాష్‌లతో కామెంట్ రాయండి, మాడ్యూల్ మొదట్లో నాలుగు స్లాష్‌లతో. 'గ్లీమ్ డాక్స్ బిల్డ్' కొట్టి పేజీ ఎలా వచ్చిందో బ్రౌజర్‌లో చూడండి. పార్స్ దగ్గర ఒప్పుకునే స్ట్రింగులు రెండు, ఒప్పుకోనివి రెండు ఉదాహరణలుగా పెట్టండి. చాలామంది వివరణ చదవరు, ఉదాహరణే చూస్తారు. లోపలి పనికే ఉన్న ఫంక్షన్లకు, టైపులకు ఇంటర్నల్ గుర్తు పెడితే డాక్యుమెంటేషన్‌లో కనిపించవు.

గ్లీమ్.టామ్ల్‌లో వివరణ, లైసెన్స్ ఉండాలి, లేకపోతే 'గ్లీమ్ పబ్లిష్' ముందుకు వెళ్ళదు. 1.0 కంటే తక్కువ వెర్షన్‌తో ప్రచురించబోతే టూల్ ఆగి నిర్ధారణ అడుగుతుంది, ఎందుకంటే 0తో మొదలయ్యే వెర్షన్లలో ఏ మార్పు విరగ్గొడుతుందో వాడేవాళ్ళకు తెలిసే దారి లేదు. భయపడి 0.1 దగ్గర ఉండిపోవడం కంటే, సిగ్నేచర్లు కుదిరాయనుకున్నప్పుడు 1.0 అని వేసి, మార్చాల్సి వస్తే 2.0 వేయండి. వెర్షన్ సంఖ్యలకు కొరత లేదు.

ఏదైనా ఫంక్షన్ తీసేయాలనుకుంటే వెంటనే తీసేయకుండా, ముందు డెప్రికేటెడ్ గుర్తు పెట్టి, దాని బదులు ఏది వాడాలో ఆ సందేశంలో రాయండి. వాడుతున్నవాళ్ళకు కంపైలర్ వార్నింగ్‌గా అదే కనిపిస్తుంది. తీవ్రమైన లోపంతో వెర్షన్ బయటికెళ్ళిపోతే 'గ్లీమ్ హెక్స్ రిటైర్' కమాండ్‌తో ఆ వెర్షన్‌కు కారణం తగిలించి, సరిచేసిన ప్యాచ్ వెర్షన్ అదే రోజు వేయండి.